మామయ్య క్యారేజీ

పన్నెండు షాఫ్టులు కొలిమిలోకి వెళ్తాయి. పన్నెండూ బయటికి వస్తాయి. పదకొండు తిన్నగా ఉంటాయి, ఒక్కటి వంగుతుంది. అదీ మధ్యాహ్నం లోడులోనే. సాయంత్రం లోడులో మచ్చుకి ఒక్కటీ వంగదు. వంగితే అన్నీ వంగాలి, లేదంటే ఏదీ వంగకూడదు. వంతులు వేసుకున్నట్టు రోజుకొక్కటి వంగడమేమిటి, చోద్యం కాకపోతే! మూడు వారాలుగా ఆ షెడ్డులో అందరూ తల గోక్కుంటున్నారు.

ఆ వంకరని కనిపెట్టే పని ముల్లమ్మది. అది ఆమె పేరు కాదు. రెండు దిమ్మెల మీద షాఫ్టుని పెట్టి, మెల్లగా తిప్పుతూ, గడియారంలాంటి డయలులో ముల్లు ఎన్ని గీతలు కదిలిందో చూసి రాయడం ఆమె ఉద్యోగం. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. అయిదు గీతలు దాటితే ఆ షాఫ్టు పనికిరాదు. అవి అచ్చు యంత్రాల్లోకి వెళ్ళేవి మరి, వెంట్రుకంత వంకర ఉన్నా కాగితం నలుగుతుంది. పొద్దస్తమానం ముల్లుని చూసే మనిషి కాబట్టి ముల్లమ్మ అయింది. నాలుక కూడా అలాంటిదే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది.

కొలిమి మేస్త్రీ ఆమెకి సొంత మేనమామ. ముప్ఫయ్యేళ్ళుగా ఆ కొలిమి ఆయనదే. ఆమెకి ఉద్యోగం ఇప్పించిందీ, ఇనుము గురించి నాలుగు ముక్కలు నేర్పిందీ ఆయనే. సరిగ్గా మూడు వారాల క్రితమే ఆయన తన ఇల్లు ఖాళీ చేసి మేనకోడలి మేడమీద గదిలోకి వచ్చాడు. అంతకు రెణ్ణెల్ల ముందు భార్య పోయింది. మధ్యలో కడుపుకి ఆపరేషను కూడా అయింది. వేడివేడిగా తినాలి, చల్లటి తిండి ముట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో ముల్లమ్మ రోజూ ఆయనకి క్యారేజీ కట్టి తెస్తోంది. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ, నిండా సర్దితే కిలోన్నర.

ఆయన ఇల్లు మారినప్పుడే షాఫ్టులు వంగడం మొదలైంది. ఇంకేం, కారణం అందరి కళ్ళకీ కొట్టొచ్చినట్టు కనబడింది: మేస్త్రీకి చూపు తగ్గింది, చేతి పట్టు తప్పింది.

సోమవారం యజమాని కొలత బల్ల దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, మేస్త్రీ ముందు ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. ఆ రోజు కూడా నేలచూపులు చూస్తూనే అన్నాడు.

"మేస్త్రీగారూ, శనివారంలోగా కారణం తేలాలండీ. తేలకపోతే సోమవారం నుంచి కొలిమికి వేరే మనిషిని పెడతాను. మీరు గేటు దగ్గర కూర్చుని వచ్చిపోయే బళ్ళు చూసుకోండి. మిమ్మల్ని పొమ్మనడం లేదు."

"గేటు దగ్గరా?" అన్నాడు మామయ్య.

యజమాని చేతిలో ఉన్నది ముల్లమ్మ రాసిన కొలతల పుస్తకమే. నూట యాభై గీతలు, నూట అరవై గీతలు, నూట నలభై ఎనిమిది గీతలు. తన చేత్తో తనే రాసింది. రాయకుండా ఎలా ఉంటుంది? ఉన్న వంకరని లేదని రాస్తే మామయ్యే ముందు చెవి మెలిపెడతాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక, మేడమెట్ల మీద ఆయన కాళ్ళు చాపుకుని కూర్చుంటే, ఆమె కాఫీ గ్లాసు చేతికిస్తూ ఒక మాట అంది.

"మామయ్యా, ఓసారి కళ్ళు చూపించుకోకూడదూ?"

పెద్ద మాటేం కాదు. మంచికే అంది. ఆయన గ్లాసు అందుకుని "చూద్దాంలే" అన్నాడు. అంతటితో అయిపోయిందనుకుంది.

మంగళవారం ముల్లమ్మ కొంగు బిగించింది. షాఫ్టులన్నీ కవల పిల్లల్లా ఒకేలా ఉంటాయి, చల్లారాక అన్నిటినీ ఒకే తొట్టిలో పడేస్తారు. ఏది ఎక్కడ పడుకుని చల్లారిందో ఎవరికి తెలుసు? అందుకని, కొలిమిలోకి వెళ్ళేముందే ఒక్కోదానికీ ఇనప తీగ చుట్టింది. మొదటిదానికి ఒక చుట్టు, రెండోదానికి రెండు చుట్లు, ఇలా పన్నెండు దాకా.

ప్రెస్సు దగ్గర ఉండే తిన్నన్న పగలబడి నవ్వాడు. వంగినవాటిని ప్రెస్సులో పెట్టి సరిచేసేది అతనే. నోరు తెరిస్తే "తిన్నగా" అనకుండా మాట రాదు కాబట్టి ఆ పేరు.

"షాఫ్టులకి కడియాలు చేయిస్తున్నావా ముల్లమ్మా? తిన్నగా చెప్పు, పెళ్ళెప్పుడు?"

"నీ ప్రెస్సులో మూడు విరగ్గొట్టావు కదా, వాటి దినం అయ్యాక."

అతను మూతి ముడుచుకున్నాడు. పాపం, కొలిమిలో కాలి చల్లారి గట్టిపడిన ఉక్కుని ప్రెస్సులో వంచబోతే పుటుక్కుమంటుంది. అతని తప్పు లేదు.

ఆ మధ్యాహ్నం వంగింది ఒకటో నంబరు. చల్లార్చే స్టాండు మీద నడవ వైపు, అన్నిటికంటే చివర పడుకునేది. ఓహో, ఆ పక్క గాలి తగులుతోందేమో అనుకుని గోనెపట్టా అడ్డం కట్టించారు.

బుధవారం ముల్లమ్మ పిల్ల బడిలో ఏదో సమావేశం ఉందని సెలవు పెట్టింది. క్యారేజీ మాత్రం పొద్దున్నే మామయ్య చేతికిచ్చి పంపింది. గురువారం వచ్చి చూసుకుంటే, బుధవారం లోడులో పన్నెండుకి పన్నెండూ తీగ లాగినట్టు తిన్నగా ఉన్నాయి! గోనెపట్టా పనిచేసిందని అందరూ సంబరపడ్డారు. గురువారం మధ్యాహ్నం మళ్ళీ ఒకటో నంబరు వంగింది. గోనెపట్టా అక్కడే వేలాడుతూ ఉంది, సిగ్గులేకుండా.

"నువ్వు రాని రోజు వంగలేదు, వచ్చిన రోజు వంగింది" అన్నాడు తిన్నన్న. "తిన్నగా చెప్తున్నా, నీ చూపుకే వంగుతున్నాయి."

నవ్వులాటకే అన్నాడు గానీ ముల్లమ్మ ఆ మాట పట్టుకుంది. తను వస్తే వంగడమేమిటి? తను కొలిమి పని ముట్టుకోనే ముట్టుకోదు కదా! కొలతలో తప్పుందా? డయలు విప్పి తుడిచింది, మళ్ళీ బిగించింది, మళ్ళీ కొలిచింది. నూట యాభై రెండు. బుర్ర వేడెక్కిపోయింది. ఆ వంగిన షాఫ్టుని వెలుతురులోకి తీసుకెళ్ళి, చివరి నుంచి చివరి దాకా వేలితో తడిమి చూసింది. ఒక కొసకి రెండు వేళ్ళ ఇవతల, నల్లటి పొర మీద సన్నగా గీసుకుపోయిన మెరుపు కనిపించింది. ఏదో కొక్కెం వేలాడినట్టు.

ఏదో ఏమిటి? క్యారేజీ పిడి!

ఆ స్టాండు పొట్టిది, షాఫ్టులు పొడుగువి. ఒక కొస జానెడున్నర బయటికి పొడుచుకుని ఉంటుంది. ఎరుపంతా పోయి షాఫ్టు నల్లబడ్డాక, పన్నెండూ పావుకి ముల్లమ్మ వచ్చి నడవ వైపు కొసకి క్యారేజీ తగిలించి పోతుంది. భోజనం వేళకి లోపలి తిండి పొగలు కక్కుతూ ఉంటుంది. మూడు వారాలుగా రోజూ చేస్తున్న పని. బుధవారం తను లేదు, మామయ్య చల్లగానే తిని ఉంటాడు. ఆయన అలాంటి హంగులు తనకి తాను చేసుకునే రకం కాదు.

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కిలోన్నర క్యారేజీకి ఉక్కు వంగుతుందా? ఎవరితోనైనా అంటే పిచ్చిదాన్ని చూసినట్టు చూడరూ!

అందుకే ఎవరితో అనకుండా, శుక్రవారం పొద్దున్నే చల్లటి షాఫ్టు ఒకటి స్టాండు మీద పెట్టి, కొస కింద డయలు బిగించి, క్యారేజీ తగిలించింది. ముల్లు పదిహేను గీతలు దిగింది. తీసింది. ముల్లు తిరిగి సున్నాకి వచ్చేసింది. రెండు గంటలు వేలాడదీసింది. తీస్తే సున్నా. క్యారేజీకి తోడు ఇనప దిమ్మెలు కూడా కట్టి, అయిదు క్యారేజీలంత బరువు వేసింది. తీస్తే మళ్ళీ సున్నా. హమ్మయ్య అనుకుంది. హమ్మయ్య అనుకున్నందుకు మళ్ళీ తనని తనే తిట్టుకుంది. తప్పు తనది కాకపోతే మామయ్యదే అవుతుంది కదా! ఏది రుజువు కావాలని కోరుకోవాలో కూడా తెలియని స్థితికి వచ్చేసింది.

"చల్లగా ఉన్నప్పుడు కాదేమో, ఎర్రగా ఉన్నప్పుడు వంగుతుందేమో" అంది చివరికి, మామయ్యతోనే.

"ఏది తగిలిస్తే?"

చెప్పింది. ఆయన నవ్వలేదు. మొహం అదోలా పెట్టి, "ఎర్రగా ఉన్నప్పుడు నువ్వు తగిలించలేదు కదే. సరే, రేపు చూద్దాం. రేపటితో ఎలాగూ తేలిపోతుంది" అన్నాడు.

శనివారం పదకొండున్నరకి కొలిమి తలుపు లేచింది. యజమాని వచ్చి నిలబడ్డాడు. తిన్నన్న ప్రెస్సు ఆపేసి వచ్చాడు. షాఫ్టులు స్టాండు ఎక్కాక, మామయ్య పట్టకారుతో క్యారేజీ అంత బరువున్న ఇనప ముక్కని ఒకటో నంబరు కొసకి తగిలించాడు. పొడుగాటి సూది ఉన్న డయలు కింద ఉంది. ముల్లు ముప్ఫై గీతలు దిగింది. ఎరుపు తగ్గేదాకా ఉంచి తీశారు. ముల్లు గబగబా పైకి వచ్చి, సున్నాకి రెండు గీతల దగ్గర ఆగింది.

"రెండు గీతలు" అన్నాడు యజమాని. "అంటే లెక్కలోది కాదు."

ఆయన గొంతు సవరించుకుని, "సోమవారం మాట్లాడుకుందాం మేస్త్రీగారూ" అని ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు. మామయ్య తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, మడత పెట్టి, సంచిలో పెట్టుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళలో పని మధ్యలో ఆ గుడ్డ విప్పడం ముల్లమ్మ ఎప్పుడూ చూడలేదు.

ఆమెకి ఏం చేయాలో పాలుపోలేదు. ఎర్రగా ఉన్నప్పుడు వంగదు, చల్లబడ్డాక వంగదు, మరి ఎప్పుడు వంగి చస్తోంది? మెత్తగా ఉన్నప్పుడూ బరువు మోసింది, గట్టిగా ఉన్నప్పుడూ మోసింది. క్యారేజీ నిర్దోషి. సరే, అదైనా తేలింది. గోడ గడియారం పన్నెండూ పావు చూపిస్తోంది. మనసు ఎక్కడో ఉంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. బల్ల మీది క్యారేజీ తీసుకెళ్ళి, నల్లబడిన ఒకటో నంబరు కొసకి తగిలించింది. కడుపు మీద చేయి వేసుకుని తిరిగే మనిషికి ఈ రోజైనా వేడిగా పెట్టాలి కదా.

డయలు ఇంకా కిందే ఉంది. తీయడం మరిచారు. అటు తిరగబోతూ అలవాటు కొద్దీ ముల్లు వైపు చూసింది. పద్దెనిమిది. పోనీలే, క్యారేజీ బరువుకి దిగాల్సిందే. రెండడుగులు వేసి, ఎందుకో మళ్ళీ చూసింది.

ఇరవై ఆరు.

కళ్ళు నులుముకుంది. ముప్ఫై ఒకటి. ముప్ఫై నాలుగు. ముల్లు గంతులు వేయడం లేదు, తొందర లేదు, నింపాదిగా నడుస్తోంది.

"మామయ్యా!"

ఆ కేకకి ఆయన ఒక్క అంగలో వచ్చాడు. ఆమె క్యారేజీ మీద చేయి వేయబోతే, "ముట్టుకోకు!" అని గద్దించాడు. ఇద్దరూ వంగి చూశారు. యాభై. యాభై ఎనిమిది.

మామయ్య పక్కనే మేకుకి వేలాడుతున్న కర్ర తీశాడు. దాని కొసన అయస్కాంతం కట్టి ఉంటుంది. బాగా కాలిన ఇనుముకి అయస్కాంతం అంటుకోదని, అంటుకోకపోతే ఇనుము లోపల్లోపల మారిపోయిందని గుర్తు అని, ఆమెకి మొదటి రోజే నేర్పాడు. ఆ కర్రతో ఒకటో నంబరుని తాకాడు. జారిపోయింది.

"నల్లబడిపోయింది కదా, ఇంకా అంటుకోదేం?" అంది ఆమె.

"ఈ ఉక్కు మొండి ఘటం. పైకి నల్లబడినా లోపల ఇంకా కాలినప్పటి ఇనుమే. వేడి బాగా దిగాక గానీ గట్టి ఇనుముగా మారదు. ఎప్పుడు మారుతుందో ఎవరు చూశారు? చల్లారేదాకా వదిలేసి మన పని మనం చూసుకుంటాం."

డెబ్భై. ఆయన మళ్ళీ తాకాడు. ఈసారి అయస్కాంతం కాస్త పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేసింది. తొంభై. ఇంకాస్త గట్టిగా పట్టింది. నూట ఇరవై. నూట నలభై. నూట అరవై అయిదు దగ్గర ముల్లు నెమ్మదించింది, నెమ్మదించి ఆగింది. అప్పుడు అయస్కాంతం టక్కున అంటుకుంది. లాగితే కర్ర వంగింది గానీ రాలేదు.

"ఇప్పుడు తియ్" అన్నాడు మామయ్య.

ఆమె చేతుల మీద గుడ్డ వేసుకుని క్యారేజీ తీసింది. ముల్లు పదిహేను గీతలు పైకి లేచి ఊరుకుంది. మిగిలిన నూట యాభై అలాగే ఉండిపోయాయి.

తిన్నన్న వెళ్ళి యజమానిని పిలుచుకొచ్చాడు. చూసిందంతా చెబితే ఆయన క్యారేజీ వైపూ ఉక్కు వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఎర్రగా ఉంటే వంగలేదు, చల్లారాక వంగలేదు, మధ్యలో వంగుతుందా? చెవిలో పువ్వు పెడుతున్నారా?"

"ఇల్లు మారే రోజు ఎలా ఉంటుంది సార్?" అన్నాడు మామయ్య. "పాతింట్లో బీరువా గోడకి ఆనించి ఉంటుంది, కొత్తింట్లోనూ ఉంటుంది. పదిమంది తోసినా కదలదు. అదే ఇల్లు మారే రోజు వీధిలో నిలబెడతాం చూడండి, అప్పుడు చిన్నపిల్ల ఆనుకున్నా ఒరుగుతుంది. దీని లోపల ప్రతి రేణువూ ఇల్లు మారుతోంది. అప్పుడు ఎటు లాగితే అటే సర్దుకుంటుంది. బరువుదేముంది, కిలోన్నర చాలు."

"అయితే ఈ మూడు వారాల తలనొప్పి క్యారేజీదన్నమాట!" యజమాని పెద్దగా నవ్వేశాడు. తిన్నన్న కూడా నవ్వాడు. ముల్లమ్మకి కూడా నవ్వూ ఏడుపూ కలిసి ముంచుకొచ్చాయి. మామయ్య మాత్రం నవ్వలేదు.

యజమాని నవ్వు ఆపి, చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "మరి ఇది చింపేయనా మేస్త్రీగారూ? నిన్న పొద్దున ఇచ్చారు, నాకు రాత్రంతా నిద్ర లేదు."

"ఏమిటది?" అంది ముల్లమ్మ. ఎవరూ జవాబు చెప్పకముందే అందుకుని చదివింది. నాలుగే వాక్యాలు. తన చూపు మందగించిందని, చేతులు పట్టు తప్పాయని, ఎవరి మీదా కోపం లేదని, సోమవారం నుంచి పనిలోకి రానని.

"మందగించలేదు మామయ్యా! ముల్లు కదలడం నువ్వూ నాతోపాటే గీత గీతా చూశావు కదా, నీకేం మందగించలేదు! ఎందుకు రాశావిది? గేటు దగ్గర కూర్చోమన్నందుకా?"

ఆయన ఆమె మొహంలోకి చూడకుండా షాఫ్టు వైపు చూస్తూ అన్నాడు.

"సార్ అంటే పట్టించుకునేవాణ్ణి కాదే. తిన్నన్న మూడు వారాలుగా అంటున్నాడు, పట్టించుకున్నానా? నువ్వన్నావు, కళ్ళు చూపించుకోమని. ముల్లుని చూసే పిల్ల అంటోందంటే నిజమే అయి ఉంటుందనుకున్నాను. ఇంకో రోజు అని ఉంటే నవ్వి, నెత్తిన ఒకటి మొట్టి ఊరుకునేవాణ్ణి. మీ అత్తయ్య లేదు, ఇల్లు లేదు, మేడమీద పెట్టెలు ఇంకా విప్పనే లేదు. ఆ వేళలో అన్నావు."

ముల్లమ్మ కాగితం పట్టుకున్న చేతి వెనకే మొహం దాచుకుని అందరి ముందే ఏడ్చేసింది. తిన్నన్న అటు తిరిగి ప్రెస్సుకి లేని దుమ్ము దులిపాడు.

"ఏడుపు ఆపవే, ముల్లు కనబడదు" అన్నాడు మామయ్య. సంచిలోంచి గుడ్డ తీసి మళ్ళీ తలకి కట్టుకున్నాడు.

"వంగినదాన్ని ప్రెస్సులో పెట్టనా?" అడిగాడు తిన్నన్న.

"వద్దు. బలవంతంగా వంచితే విరుగుతుంది. మెత్తబరచి, సరిచేసి, మళ్ళీ కాలుద్దాం. ఈసారి మారేటప్పుడు దాని మానాన దాన్ని వదిలేద్దాం."

మెత్తబరచి తిన్నగా చేశాక, సాయంత్రం లోడుతో ఒకటో నంబరు మళ్ళీ కొలిమిలోకి వెళ్ళింది, మళ్ళీ స్టాండు ఎక్కింది. ముల్లమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, అయస్కాంతం అంటుకునేదాకా దాని పక్కనే నిలబడింది. తర్వాత బల్ల మీద పెట్టి తిప్పి చూసింది. మూడు గీతలు. పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టింది.

యజమాని ఆ కాగితం చింపబోతే మామయ్య చింపనివ్వలేదు. వెనక వైపు ఖాళీగా ఉంది, మంచి కాగితం పాడుచేయడం ఎందుకన్నాడు. ముల్లమ్మ చేతిలోని పెన్సిలు తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాడు: "పూర్తిగా చల్లారేదాకా దీనికి ఏమీ తగిలించరాదు." స్టాండు ఇనప కాలికి ఆ కాగితాన్ని ఆనించి, కర్రకున్న అయస్కాంతం విప్పి దాని మీద పెట్టాడు. రాజీనామా వైపు లోపలికి పోయింది.

మధ్యాహ్నం గొడవలో ఎవరూ భోజనం సంగతి పట్టించుకోలేదు. ఇద్దరూ స్టాండుకి దూరంగా బల్ల మీద క్యారేజీ విప్పారు. అన్నం చల్లగా బిగుసుకుపోయి ఉంది.

"ఉండు మామయ్యా, స్టవ్వు మీద వేడి చేసుకొస్తాను" అంది ముల్లమ్మ లేవబోతూ.

"కూర్చోవే, ఒక్క పూటకి ఏం కాదు" అన్నాడు మామయ్య. మొదటి ముద్ద తనే కలిపి ఆమె చేతిలో పెట్టాడు. "రేపు ఆదివారం. ఆ పెట్టెలు విప్పడానికి సాయం వస్తావా?"